రెండో కన్ను

అయినా "అంటే" అనడం అబద్ధం కిందకి రాదు కదా, అనుకుంటూ అతను ఇస్త్రీపెట్టెను కోటు కాలరు మీదే ఉంచేశాడు. అబద్ధమాడాలంటే ముందు ఏదో ఒకటి చెప్పాలి. తను ఏం చెప్పాడని? ఒక్క మాట. నోరున్న ప్రతివాడూ పొద్దున లేచింది మొదలు అనే మాట. రిపోర్టు చూస్తూ డాక్టరు అంటాడు, బస్సు ఎక్కడిదాకా పోతుందని అడిగితే కండక్టరు అంటాడు. అన్నాక వాళ్ళు మిగతాది చెబుతారు. తను మిగతాది చెప్పలేదు, అంతేగా. చెప్పకపోవడమే నేరమైతే ఊళ్ళో సగంమంది జైల్లో ఉండాలి.

"కాలరు మాడుతుందండీ," అంది అతని భార్య గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ. "అన్నయ్య కోటు అది."

ఇస్త్రీపెట్టె ఎత్తాడు. మాడలేదు. బూడిదరంగు గుడ్డ మీద పెట్టె ముక్కు ఆనిన చోట కొంచెం నిగారింపు తేలింది. మామూలు కంటికి ఆనదు. బావ కంటికైతే ఆనుతుంది. ఆనేది, అని మనసులో ఏదో ఆ మాటను దిద్దబోయింది. ఆ దిద్దుబాటు విన్నాక అతనికి చెవులు వేడెక్కాయి. తను పుట్టించిన పుకారును తనే నమ్మడం మొదలుపెట్టాడా?

భార్య వెళ్ళిపోయింది. ఆసుపత్రి కౌంటర్లో ఇప్పుడు ఆమె రెండు షిఫ్టులు చేస్తోంది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా విని, అతను కోటు తిరగేసి రెండో చెయ్యి ఇస్త్రీ మొదలుపెట్టాడు. ఇవాళ కొత్తచోట అతన్ని పనిలో పెట్టి చూస్తారు. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోవడానికి కారణమేమీ కనిపించలేదు. అదే అతన్ని తినేస్తోంది.

అతనూ బావా పనిచేసిన మిల్లులో, అద్దకం షెడ్డును ఆనుకుని ఒక గది ఉండేది. గోడలు, బల్ల, తలుపు, కుర్చీలు, అన్నీ ఒకటే బూడిదరంగు. తొడుక్కున్న చొక్కా రంగు గుడ్డ మీద పడి కంటిని మోసం చేస్తుందని లోపలికి వెళ్ళేవాళ్ళు బూడిదరంగు కోటు వేసుకునేవారు. బట్ట కొనేవాళ్ళు పంపిన గుడ్డముక్క పక్కన తాము అద్దిన ముక్క పెట్టి, రెండూ ఒకటే రంగో కాదో చూసి చెప్పడం వాళ్ళ పని. పెళ్ళయిన కొత్తలో అతని భార్య నవ్వేది, రెండు గుడ్డముక్కలు చూడటానికి ఇద్దరు మనుషులా అని. ఇద్దరు కావాలి. ఆ మిల్లులో ఒక్కడి మాట చెల్లదు. మొదటివాడు సరే అన్నాక రెండోవాడు విడిగా చూడాలి, వాడూ సరే అంటేనే బట్ట రంగు తొట్టెలోకి దిగాలి. దాన్ని రెండో కన్ను అనేవారు.

బావ అతని భార్యకి అన్న. అతనికి ఈ పని నేర్పిందీ, తర్వాత చెల్లెల్ని ఇచ్చిందీ బావే. "ముందు నాకు నీ కన్ను నచ్చింది. మనిషివి నచ్చడానికి ఇంకా టైం పట్టింది" అని అందరి ముందూ అనేవాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకోవడం వల్ల ఎవరు ఎవరికి బావో తెలియక మిల్లులో వాళ్ళిద్దరినీ కలిపి బావగార్లు అనేవారు. బావగార్లు సరే అన్నారా? అన్నారు. అయితే దింపండి.

బావ నేర్పినవాటిలో రెండు మాత్రం అతనికి ఒంట్లోకి ఇంకిపోయాయి. ఒకటి, తొందరపడి జవాబు చెప్పకూడదు. రంగును ఎక్కువసేపు చూస్తే కన్ను అలిసి అబద్ధం చెబుతుంది. చూడాలి, చూపు మరల్చి బూడిదరంగు గోడ మీద పెట్టాలి, కన్ను తేరుకున్నాక మళ్ళీ చూడాలి, అప్పుడే నోరు తెరవాలి. గోడ చూడకుండా చెప్పిన జవాబు జవాబే కాదు. చూసేవాణ్ణి పక్కవాడు తొందరపెట్టనూ కూడదు.

రెండోది జబ్బు సంగతి. రంగులు చూసేవాళ్ళందరూ భయపడే జబ్బు అదొక్కటే. వయసు మీదపడేకొద్దీ కంట్లో పల్చటి పసుపు పొర చేరుతుంది. ముందు నీలాలు దెబ్బతింటాయి. ఒక నీలానికీ పక్క నీలానికీ తేడా తెలియకుండా పోతుంది. విచిత్రమేమంటే, తెలియడం లేదన్న సంగతి ఆ మనిషికి తెలియదు. ఊరందరికీ తెలిశాక, ఆఖరున అతనికి తెలుస్తుంది. ఒకరోజు పని ముగించి ఇద్దరూ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుండగా బావ ఉన్నట్టుండి అన్నాడు.

"నా నీలాలు పోతే ముందు నాతో చెప్పు బావా. మేనేజరుతో కాదు, మీ ఆవిడతో కాదు. ముందు నాతో. నీవి పోతే నేను నీతో చెబుతాను."

సరే అన్నాడు. ప్రమాణాలేమీ లేవు. తువ్వాలు ఒకటే ఉంటే బావ ముందు తుడుచుకుని అతనికిచ్చాడు.

తర్వాత మిల్లువాళ్ళు అద్దకం బయట చేయించుకుంటేనే నయమని తేల్చుకున్నారు. ఒక మధ్యాహ్నం అందర్నీ భోజనాల గదిలో కూచోబెట్టి, ఎవరో తెలియని మనిషి చేత ఇక పని లేదని మంచి మాటలతో చెప్పించారు. అతను ఆ కోపంలో తన కోటును గేటు దగ్గర చెత్తడబ్బాలో పడేశాడు. బావ తన కోటు ఇంటికి తీసుకెళ్ళి, ఉతికి, మడత పెట్టుకున్నాడు.

ఉద్యోగం వెతకడమూ ఒక ఉద్యోగమేనని అతనికి అప్పటిదాకా తెలియదు. ఫోన్లో ఉద్యోగాలు వెతికే చోట ఏ వృత్తో ఎంచుకోమని వచ్చే వరసలో రంగులు చూసేవాడు అన్నది ఎక్కడా లేదు. ఇతరములు అన్నదాన్ని నొక్కి నొక్కి, తను ఇతరములలోనివాణ్ణన్న నమ్మకం కుదిరింది. రంగుల కొట్టాయన మర్యాదగానే కూచోమని, మూలనున్న మెషీను చూపించి, నంబరు కొడితే డబ్బా వస్తుంది, మీరు పక్కన నిలబడి ఏం చేస్తారు అని అడిగాడు. ఒక అద్దాల గదిలో కుర్రవాడు మీ బలహీనత ఏమిటి అన్నాడు. అతను నిజాయితీగా ఆలోచించి, ఎరుపును ఎక్కువసేపు చూస్తే ఆ తర్వాత చూసే తెలుపు ఆకుపచ్చగా కనిపిస్తుందని చెప్పాడు. కుర్రవాడు దాన్ని అలాగే టైపు చేసుకున్నాడు. ఆ కథ విని బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంకా నయం, బలం ఏమిటని అడగలేదు" అన్నాడు.

ఈ కొత్తచోటు ఉందని కనిపెట్టింది కూడా బావే. ఊరికి అటు చివర చిన్న అద్దకం కంపెనీ. మనిషి కావాలి, ఒక్కడే. బావ ఆ కబురు దాచుకోలేదు. తిన్నగా వీళ్ళింటికి వచ్చి, ఇద్దరం వేద్దాం, ఏ చేత్తో తిన్నా పోయేది నోట్లోకేగా అన్నాడు. మీ పని తెలిసిన మనిషి పేరొకటి ఇవ్వమన్నారు వాళ్ళు. మిల్లు గది మూతపడింది, మేనేజరు ఎక్కడికి పోయాడో తెలియదు. బావ పని చూసినవాడు అతనొక్కడే, అతని పని చూసినవాడు బావ ఒక్కడే. కనుక ఒకరి పేరు ఒకరు ఇచ్చుకున్నారు. "దొంగకి దొంగ సాక్ష్యం" అన్నాడు బావ, పెన్ను మూత పెడుతూ.

ఇద్దరినీ పిలిచి, రంగు పలకలు కొన్ని ముందు పోసి వరస పేర్చమన్నారు. పేర్చారు. తర్వాత ఒకరోజు అతను రెండు చేతుల్లో రెండు సంచులతో మెట్లెక్కుతుండగా ఫోన్ వచ్చింది.

అక్కడే, మెట్ల మలుపులో, సంచులు కింద పెట్టి మాట్లాడాడు. ల్యాబు చూసుకునే ఆవిడట. గొంతు నెమ్మదిగా, మర్యాదగా ఉంది. మీ బావగారు వేళకి వస్తారా అని అడిగింది. గడియారం ఆయన్ని చూసి దిద్దుకుంటుందని చెప్పాడు. కోపిష్టా అంటే, కోపం వస్తే ఇంకా నవ్వుతారని చెప్పాడు. అవన్నీ గడగడా చెప్పాడు. అప్పుడావిడ అడిగింది.

"ఆయనకి వయసు కాస్త పైబడిందిగా. చూపు ఎలా ఉందంటారు? నీలాల్లో ఏమైనా తేడా గమనించారా?"

"అంటే..." అన్నాడు అతను.

అని, గోడ కేసి చూశాడు. ఈ ముక్క అతను తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. గోడ చూశాను, అలవాటు కొద్దీ చూశాను. రంగు గురించి ఎవరైనా అడిగితే వెంటనే చెప్పకూడదని నేర్పింది బావే కదా. ఇంతవరకూ నిజమే. కాని ఆ మౌనం అక్కడితో ఆగలేదు. గోడ మీద ఎవరో పిల్లలు గీసిన గీతలున్నాయి. వాటిని చూస్తుండగా, రెండో షిఫ్టు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడే భార్య పాదాలు కళ్ళ ముందుకొచ్చాయి. అద్దాల గదిలో కుర్రవాడు వచ్చాడు. ఇతరములు వచ్చింది. జవాబు నాలిక మీదే ఉంది, తేడా ఏమీ లేదండీ అన్న మూడు ముక్కలు. వాటిని అతను బయటికి తోయలేదు. ఆ మౌనంలో ఎక్కడ దాకా అలవాటు, ఎక్కడి నుంచి తను? ఆ అతుకు కోసం అతను ఇప్పటికీ వెతుకుతున్నాడు. దొరకడం లేదు.

"పర్లేదండీ, అర్థమైంది," అంది ఆవిడ. "సొంతవాళ్ళ గురించి చెప్పడం ఇబ్బందే."

ఆవిడకి అర్థమైంది తప్పు. ఆ సంగతి అతనికి ఆ క్షణానే తెలుసు. థాంక్సండీ అన్నాడు.

కొన్ని రంగులు ఒక దీపం కింద అచ్చంగా కవలల్లా కలిసిపోయి, దీపం మారిస్తే విడిపోతాయి. బావ వాటికి దొంగజోడీలని పేరు పెట్టాడు. అందుకే రంగులు చూసే పెట్టెలో రకరకాల దీపాలు పెట్టుకుని, ఒకటి ఆర్పి ఒకటి వెలిగించి చూసేవాళ్ళు. తన మౌనాన్ని అతను అలాగే తిప్పితిప్పి చూశాడు. అలవాటు అనే దీపం కింద అది నిర్దోషిలా ఉంది. భార్య పాదాల దీపం కింద జాలిగొలిపేలా ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పగటి వెలుతురులో చూడటం మాత్రం వాయిదా వేస్తూ వచ్చాడు.

ఆ సాయంత్రమే బావ వచ్చాడు, హుషారుగా. ఆవిడ తనకీ ఫోన్ చేసిందట. "నీ గురించి ఆవిడ చెవులు చిల్లులు పడేలా చెప్పాను బావా. నీ కన్ను తాకట్టు పెట్టుకుని బ్యాంకు వాళ్ళు అప్పిస్తారన్నాను" అని నవ్వి, "మరి నా గురించి ఏం చెప్పావు?" అన్నాడు.

"ఉన్నదే చెప్పాను."

"చచ్చాం పో," అన్నాడు బావ, ఇంకా గట్టిగా నవ్వుతూ. చెల్లెలు టీ తెస్తే, ఇలాంటివాడికి నిన్నిచ్చాను చూడు అని ఆమెతోనూ అన్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. తన నవ్వు మిగతావాళ్ళ నవ్వు కన్నా కాస్త ముందే ఆగిపోవడం అతను గమనించాడు.

తర్వాత అతన్ని రమ్మని కబురొచ్చింది. బావకి వందనాలతో, ఈసారికి వీలుపడలేదని వచ్చింది.

ఇస్త్రీ అయింది. కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడితే చేతులు మణికట్టు దాకా రాలేదు. బావ పొట్టి. నిన్న ఈ కోటు తెచ్చి ఇచ్చినప్పుడు బావ ఎప్పటిలా చెప్పులు విడుస్తూనే మాట్లాడటం మొదలుపెట్టలేదు. కుర్చీ అంచు మీద కూచున్నాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చానన్నాడు. అంతా బాగుందన్నాడట డాక్టరు. డాక్టరుకి అక్షరాలు తెలుసు గాని నీలాలు తెలుసా?

"పలకలు పేర్చినప్పుడు నాకెక్కడా తప్పు కనపడలేదు బావా," అన్నాడు. "కనపడకపోవడమే కదా ఆ జబ్బు."

అతను మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బావ ముందు పెట్టాడు. బావ దాన్ని ముట్టుకోలేదు.

"మన ఇద్దరిలో వేరే తేడా ఏముంది? ఒకటే పని, ఒకటే గది. నన్ను వద్దన్నారంటే వాళ్ళకేదో కనపడింది. నీకు ముందే కనపడిందా? కనపడితే చెప్పేవాడివేగా?"

"నీ కళ్ళకేం కాలేదు బావా," అన్నాడు అతను, బావ మాట పూర్తికాకుండానే.

బావ అతని మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, దానికన్నా కష్టమైనది ఉంది, ఓదార్పు. "ఇంత తొందరగా నువ్వెప్పుడూ జవాబు చెప్పలేదు," అన్నాడు మెల్లగా. లేచి, కోటు కుర్చీ వీపు మీద సర్ది, ఇది వేసుకెళ్ళు, అక్కడి కోట్లు ఏం బూడిదరంగులో ఏమో అని వెళ్ళిపోయాడు.

నిజం అదొక్కటే చెప్పాడు, ఇంతవరకూ. ఆ నిజాన్ని బావ జాలి అనుకుని తీసుకెళ్ళాడు. ఆగాల్సిన చోట గబగబా చెప్పి, చెప్పాల్సిన చోట ఆగాడు. ఇంత తిరకాసుగా తప్పు చెయ్యడం అందరికీ చేతకాదు, అనుకుంటే చేదుగా నవ్వొచ్చింది.

తలుపు తీసిన చప్పుడు. భార్య వెనక్కి వచ్చింది, తాళంచెవి మరిచిపోయిందట. వెతుకుతూనే చెప్పింది. పొద్దున్నే వదిన ఫోన్ చేసిందట. తివాచీలు నేసే చోట రంగులు చూసే మనిషి కావాలట, ఇవాళ సాయంత్రం దాకా వచ్చినవాళ్ళని చూస్తారట. అన్నయ్య కదలనంటున్నాడట. గుడ్డివాడు రంగులేం చూస్తాడు అన్నాడట. నిన్న మేజోళ్ళు రెండూ ఒకటే రంగేనా అని వదినని అడిగాడట. వదిన వేళాకోళమనుకుని నవ్విందట. నవ్వాక ఆయన మొహం చూసిందట.

"మీరొక మాట చెప్పి చూడండి," అంది భార్య. "మీ మాటంటే అన్నయ్యకి గురి. రెండో కన్నంటే మీరే కదా."

"చెప్పాను నిన్న."

"ఏం చెప్పారు?"

"ఏం కాలేదని."

"మరెందుకు నమ్మలేదు?" అని, జవాబు కోసం చూడకుండా తాళంచెవి దొరకబుచ్చుకుని, అతని పొట్టి చేతుల కోటు వంక చూసి పెదవి బిగబట్టి నవ్వుతూ వెళ్ళిపోయింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కోటు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఉద్యోగం వచ్చాక చెబుదాం, అనుకున్నాడు. వచ్చాక చెబితే బావ క్షమిస్తాడు, ఆయనది పెద్ద మనసు. అప్పుడు ఉద్యోగమూ ఉంటుంది, మన్నింపూ ఉంటుంది. ఆ ఆలోచన ఎంత సాఫీగా వచ్చిందో చూసి అతనికి తన మీద కొత్తగా అసహ్యం కలిగింది. వెంటనే, అసహ్యం కలిగింది కాబట్టి తను మరీ చెడ్డవాడు కాడన్న ఊరట కూడా కలిగింది. దాన్నీ గమనించాడు. ఇలా ఒక్కొక్కటీ గమనించుకుంటూ పోతే దిగాల్సిన స్టాపు దాటిపోతుంది తప్ప లోపలి లెక్క తేలదు. నిజంగానే స్టాపు దాటిపోయి, కొంత దూరం వెనక్కి నడిచాడు.

ల్యాబు చిన్నది. గోడలు బూడిదరంగే గాని ఈమధ్యే వేసిన వాసన వస్తోంది. ఫోన్లో మాట్లాడినావిడే తలుపు తీసింది. అతని మణికట్టుల వంక చూసి చూడనట్టు ఊరుకుంది. ముందు ఒక వంకాయరంగు ఇచ్చింది, తర్వాత ఒక ఇటుకరంగు. అతను చూశాడు, తన కోటు చేతి మీదకు చూపు మరల్చి కన్ను తేరుకోనిచ్చాడు, మళ్ళీ చూశాడు. బావ కోటు బూడిదరంగు మంచిది, ఎటూ మొగ్గని రంగు. చేతులు పని గుర్తుపట్టాయి. కొంతసేపు అతను దేన్నీ తలుచుకోలేదు. చాలారోజుల తర్వాత అలా దేన్నీ తలుచుకోకుండా ఉన్నాడు. ఇటుకరంగులో పసుపు ఒక పిసరు ఎక్కువైందన్నాడు. ఆవిడ మెషీనులో పెట్టి చూసి, మెషీనూ అదే అంటోందని నవ్వింది. ఇక్కడ రెండో కన్ను అదేనట.

పని ఆపి రెండు కప్పుల్లో టీ పోసింది. తనకి నచ్చిందని, పైవాళ్ళతో ఒక మాట చెప్పడమే మిగిలిందని అంది. తర్వాత, ఇప్పుడిక దాచడమెందుకన్నట్టు గొంతు తగ్గించింది.

"నిజానికి పలకల్లో మీ బావగారిదే పైచేయండీ. ఒక్కటి కూడా తప్పు పెట్టలేదు. ఆ వయసులో మరీ అంత బాగా పేర్చారేమిటా అనే మీకు ఫోన్ చేశాను. ఆవేళ మీరు మొహమాటపడి బాగుందనేసి ఉంటే ఆయన్నే తీసుకునేవాళ్ళం. సొంతవాళ్ళ విషయంలో అలా ఉండగలిగే మనిషి మాక్కావాలి."

అతను కప్పు కింద పెట్టాడు. పెట్టిన చప్పుడు కాస్త గట్టిగానే అయింది.

"నావి?" అన్నాడు. ఎందుకడిగాడో తెలియదు.

"మీవీ బాగున్నాయి. రెండే తారుమారయ్యాయి, అవీ పక్కపక్కవే."

"ఏ రంగువి?"

"నీలాలు," అంది ఆవిడ, పెద్ద విషయం కానట్టు. "అలాంటివి ఎవరికైనా జరుగుతాయి లెండి."

ఇప్పుడే వస్తానని అతను బయటికి వచ్చాడు. వెనకవైపు పెరడు. తీగల మీద అద్దిన గుడ్డలు ఆరుతున్నాయి. వాటిలో నీలాలు ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి మూడు. మూడూ వేరువేరని అతనికి తెలుస్తోంది. తెలుస్తోందా? ఒక్కసారి అనుమానం వచ్చాక తెలియడానికీ, తెలుసు అనుకోవడానికీ మధ్య నిలబడేందుకు చోటు లేదు. మధ్యది ఎడమ దానికన్నా ముదురు. కాదేమో. గుడ్డ తడిగా ఉందేమో. నీడలోకి జరిగి గోడకి ఆనుకున్నాడు.

బావని అడగాలి. అతనికి వచ్చిన మొదటి ఆలోచన అది. ఇంకెవరికి తెలుస్తుంది? ఇన్నేళ్ళూ పక్కనే నిలబడి చూసినవాడు, తేడా ఉంటే బావ ఎప్పుడో చెప్పి ఉండేవాడు. కుళాయి దగ్గర అన్నాడు కదా. చెప్పలేదంటే లేనట్టే. లోపల కొంచెం కుదుటపడింది. ఆ కుదుటపడటంలోనే అతనికి మరొకటి అర్థమై, ఆరుతున్న గుడ్డల వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు. బావ కూడా ఇన్నిరోజులూ ఇలాగే గోడకి ఆనుకుని ఉన్నాడు. మేజోళ్ళు చేత్తో పట్టుకుని, ఇదే అనుమానంతో. ఇలాగే కుదుటపడటానికి ఒక మనిషిని అడిగాడు. చెప్పేవాడివేగా, అన్నాడు. ఆ మనిషి గోడ చూడకుండా జవాబు చెప్పాడు.

పగటి వెలుతురు పెరడంతా పరుచుకుని ఉంది. ఇక వేరే దీపమేదీ లేదు.

ఇంకా మధ్యాహ్నమే. తివాచీలవాళ్ళు సాయంత్రం దాకా చూస్తారు. లోపల ఆవిడ కప్పులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ముందు ఆవిడకి చెప్పొచ్చు, నాలుగడుగుల దూరం. ఆవిడకి చెప్పడం తేలిక కూడా. కాని ముందు నాతో చెప్పు అన్నాడు బావ. అది నీలాలు పోయినప్పటి మాట. పోనప్పుడూ అంతేనేమో.

ఫోన్ తీసి బావ నంబరు నొక్కాడు.

"ఏం బావా, అయిపోయిందా? కోటు చేతులు మోచేతుల దాకా వచ్చాయా?" అన్నాడు బావ. గొంతులో హుషారు ఉంది, కష్టపడి తెచ్చుకున్నది.

ముందు తన నీలాల సంగతి అడగాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా, నాకేమైనా తేడా చూశావా బావా అని. అది అడిగితే బావ అన్నీ మరిచి తన గురించి కంగారుపడతాడు, ధైర్యం చెబుతాడు. ఆ ధైర్యం చెవిలో పడితే ఇక రెండో మాట రాదు. మింగేశాడు.

చూపు దించి కోటు చేతి మీద పెట్టాడు. మంచి బూడిదరంగు. అంచు దగ్గర పొద్దున ఇస్త్రీపెట్టె ఆనినచోట ఇక్కడా నిగారింపు. అవతల బావ మాట్లాడలేదు. చూస్తున్నవాణ్ణి తొందరపెట్టకూడదని బావకి తెలుసు.

"ఆవిడ నీ చూపు గురించి నన్నడిగింది బావా," అన్నాడు. "బాగుందని నేను చెప్పలేదు."